థీమ్ పార్కు టూరుకి పిల్లల బండి కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులో దసరా సెలవులో దగ్గర పడగానే బెజవాడ, గుంటూరుల్లో చిన్నపిల్లలున్న ఇళ్ల నుంచి ఇవే సందేహాలు మొదలవుతాయి. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్తున్నాం, వండర్‌లాకి వెళ్తున్నాం, సింగపూర్ టికెట్లు తీసేశాం, మరి స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి) మాటేమిటి అని. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

నా లెక్క ముందే చెప్పేస్తాను. పిల్లాడు నడవగలడా లేదా అని చూడకండి. మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటాడు, చీకటి పడ్డాక గేటు దాకా ఎవరు మోస్తారు అని చూడండి.

## తీసుకెళ్లాలా వద్దా తేల్చుకునేటప్పుడు

మావాడు ఇంట్లో ఒక్క నిమిషం కుదురుగా ఉండడు, ఎప్పుడూ పరుగులే. వాడికి స్ట్రోలర్ ఎందుకండీ?

ఇంట్లో వాడి ఇష్టం. బుద్ధి పుడితే పరుగెడతాడు, లేకపోతే కూలబడతాడు. పార్కులో మనం వెళ్లే వైపే, మన వేగంతోనే, గంటల తరబడి నడవాలి. క్యూలో నిలబడాలి కూడా, పిల్లలకి నడకకన్నా కష్టం అదే.

అనుమానంగా ఉంటే ఓ సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద చూసుకోండి. పొడవు 1.2 కిలోమీటర్ల పైచిలుకు. సీతానగరం వైపు దాకా నడిపించి వెనక్కి తీసుకురండి. గుంటూరు వాళ్లయితే రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చుట్టాలింటికి ఆటో ఎక్కకుండా వెళ్లిరండి. తిరుగు దారిలో ఎక్కడ చేతులు చాచి "ఎత్తుకో" అన్నాడో గుర్తుపెట్టుకోండి. అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టూ ఒక్క చుట్టు తిరిగితేనే దాదాపు రెండు కిలోమీటర్లు, అదీ రోజు మొత్తం నడకలో ఒక ముక్క.

ఏ వయసు దాకా అవసరం? డొంకతిరుగుడు లేకుండా చెప్పండి.

మూడేళ్ల లోపు అయితే దాదాపు ఎక్కడికైనా తీసుకెళ్లండి. మూడు నుంచి ఐదేళ్ల మధ్య పార్కుని బట్టి ఉంటుంది: నడక ఎక్కువున్న విదేశీ పార్కులకు కావాలి, ఇక్కడ ఒక్కరోజు పార్కుకి తేలికపాటిది ఉంటే చాలు. ఐదు దాటితే వరసగా మూడు నాలుగు రోజులు పార్కుల్లోనే గడిపే టూరుకి తప్ప అక్కర్లేదు.

వయసుతో పాటు బరువూ చూడాలి. చాలా బండ్లు 15 కిలోల వరకే. యూరప్ ప్రమాణాల్లో 15 కిలోల దాకా ఒక తరగతి, 22 కిలోల దాకా మరో తరగతి ఉన్నాయి. మూడేళ్ల పిల్లల సగటు బరువు 14 కిలోల దగ్గర, నాలుగేళ్లకి 16 దగ్గర ఉంటుంది. అంటే పుట్టినప్పుడు కొన్న బండి నాలుగో ఏటికి చాలామందికి పనికిరాదు. ఫ్రేము మీద అంటించిన స్టిక్కర్ ఒకసారి చదవండి.

నాలుగేళ్ల పిల్లని బండిలో కూర్చోబెడితే నలుగురూ నవ్వరా?

ఇక్కడైతే ఒకరిద్దరు చూస్తారు. అమెరికా, సింగపూర్ పార్కుల్లో ఆ వయసు పిల్లలు బోలెడుమంది బండ్లలోనే కనిపిస్తారు, ఎవరూ తలతిప్పి చూడరు. ఎక్కడైనా సరే, పొద్దున నవ్విన వాళ్లే రాత్రి ఏడింటికి పిల్లల్ని భుజాన వేసుకుని మీ బండి వైపు చూస్తుంటారు.

మా అత్తగారు "బండి అలవాటైతే నడక మానేస్తాడు" అంటున్నారు. నిజమేనా?

నాలుగు రోజుల టూరుతో నడక మానేసే పిల్లలు ఉండరు. కానీ ఆవిడ మాటని పూర్తిగా కొట్టిపారేయకండి. ఐదేళ్ల లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో, పిల్లల్ని స్ట్రోలర్‌లోనో ఎత్తు కుర్చీలోనో ఒకేసారి గంటకు మించి కట్టి కూర్చోబెట్టొద్దని ఉంది. వీపుకి కట్టుకుని మోసినా అదే నియమం. కాబట్టి పొద్దున్నే దింపి నడవనివ్వండి, ఆడనివ్వండి. అలసిపోయాకే బండి. అత్తగారికి ఆ గంట లెక్క చెప్పండి, ఒప్పుకుంటారు.

మేం పది మందిమి కలిసి వెళ్తున్నాం. తలా కాసేపు ఎత్తుకుంటే సరిపోదా?

పొద్దున పదింటికి ఈ పద్ధతి బ్రహ్మాండంగా నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి చూడండి: బాబాయి, పిన్ని రైడ్ల వైపు వెళ్లిపోతారు, తాతగారు నీడలో బెంచీ చూసుకుంటారు, అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు. మిగిలేది తల్లి. అందరూ పక్కనే ఉన్నా నిద్ర ముంచుకొస్తున్న పిల్లాడు ఎవరి చంకకీ పోడు, అమ్మే కావాలంటాడు. పన్నెండు కిలోల బరువుతో ఆవిడ మూడు గంటలు తిరగాలి. పెద్ద గుంపుగా వెళ్లేవాళ్లకే బండి ఎక్కువ అవసరమని నేనంటాను.

## ఏ పార్కుకి ఎలా

రామోజీ ఫిల్మ్ సిటీకి స్ట్రోలర్ తీసుకెళ్లొచ్చా? బస్సుల్లోనే తిప్పుతారట కదా?

అవును, ఇక్కడ తిరగడమంతా బస్సుల మీదే. సుమారు 1,666 ఎకరాల చోటు, నడిచి తిరిగేది కాదు. ఒకచోట దింపుతారు, చూసి వస్తే మళ్లీ ఇంకో బస్సు ఎక్కాలి. అందుకే ఇక్కడ బండి ఎంత మెత్తగా నడుస్తుందన్నది తర్వాతి మాట, ఎంత త్వరగా మడత పడుతుందన్నది ముందు చూడాలి. బస్సొచ్చింది. పిల్లాణ్ణి ఎత్తాలి, కింది బుట్టలో నీళ్ల సీసా తీయాలి, బండి మడవాలి, రెండో చేత్తో మెట్టెక్కాలి. వెనక పాతిక మంది తోసుకుంటుంటారు. పది కిలోల పెద్ద బండితో రోజుకి నాలుగైదు సార్లు ఇలా చేస్తే తల ప్రాణం తోకకొస్తుంది.

ఏడాదిన్నర లోపు పిల్లలకి ఇక్కడ బేబీ క్యారియర్ (పిల్లాణ్ణి మన ఒంటికి కట్టుకుని మోసే సంచి) మేలు. ఆపైన నాలుగేళ్ల దాకా ఒంటి చేత్తో మడిచే ఆరేడు కిలోల బండి. పెద్దది ఇంట్లోనే ఉంచండి.

మనవాళ్లకి ఇంకో సంగతి. ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీదే, హైదరాబాద్ ఇంకా రాకముందే వస్తుంది. గుంటూరు నుంచి మిర్యాలగూడ మీదుగా వెళ్లినా నార్కట్‌పల్లి దగ్గర ఇదే హైవే కలుస్తుంది. దాంతో చాలామంది తెల్లవారుజామున బయల్దేరి అదే రాత్రి తిరిగొచ్చేలా ప్లాన్ వేస్తారు. పిల్లాడు నాలుగున్నరకి లేచి, కారులో సగం సగం నిద్రపోయి, గేటు దగ్గరికి వచ్చేసరికే చిరాకు మీద ఉంటాడు. అలా వెళ్లేవాళ్లు మాత్రం నాలుగేళ్ల పిల్లకైనా బండి పెట్టుకోవలసిందే.

వండర్‌లాకి?

హైదరాబాద్ వండర్‌లా 2016లో రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచారు. అక్కడ రైడ్లు పిల్లల ఎత్తుని బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. ఫ్రీ అని సంబరపడకండి, వాళ్లు ఎక్కగలిగేవి చాలా తక్కువని దాని అర్థం. రెండేళ్ల పిల్లలు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటారు.

సగం పార్కు నీళ్లే. తడి నేల, తడి బట్టలు, లాకర్లు. బండి తెచ్చినా ఎక్కువసేపు ఒకచోట నిలబడే ఉంటుంది, దాని పక్కన పెద్దవాళ్లలో ఎవరో ఒకరు కూర్చోవాలి. పిల్లల కునుక్కి మాత్రం బాగా పనికొస్తుంది. మూడేళ్ల లోపు పిల్లాడు ఒక్కడే ఉంటే వండర్‌లా ఇంకో రెండేళ్లు ఆగొచ్చని నా సలహా. పెద్దపిల్లల కోసం వెళ్తుంటే చిన్నదానికి బండి తీసుకెళ్లండి.

సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్ పార్కుకీ, దుబాయ్ పార్కులకీ?

సింగపూర్‌కి కళ్లు మూసుకుని తీసుకెళ్లొచ్చు. మెట్రో రైళ్లలో బండి మడవకుండానే ఎక్కొచ్చు, స్టేషన్లలో లిఫ్టులుంటాయి, ఫుట్‌పాత్‌లు సాఫీగా ఉంటాయి. సెంటోసాలోని యూనివర్సల్ మరీ పెద్ద పార్కు కాదు, కానీ ఒక్క పార్కుతో ఎవరూ ఆగరు. పక్షుల పార్కు, రాత్రి సఫారీ, షాపింగ్ అన్నీ కలిస్తేనే కాళ్లు పడిపోతాయి. ప్లాస్టిక్ వాన కవరు మాత్రం మరిచిపోకండి, అక్కడ వాన చెప్పి రాదు.

దుబాయ్‌లో 2016లో తెరిచిన ఐఎంజీ వరల్డ్స్ పూర్తిగా కప్పు కింద, ఏసీలో ఉండే పార్కు. నున్నటి నేల కాబట్టి చిన్న చక్రాల బండి చాలు, ఒక పల్చటి దుప్పటి పెట్టుకోండి.

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో ఉంటారు. మనవణ్ణి డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్దామంటున్నారు. ఇక్కడి నుంచి బండి పట్టుకెళ్లాలా?

అక్కడ వాళ్లకి ఉండే ఉంటుంది, మీరు మోసుకెళ్లక్కర్లేదు. అయితే కొలతలు చూడమనండి. వెడల్పు 79 సెంటీమీటర్లు, పొడవు 132 సెంటీమీటర్లు దాటిన బండ్లని లోపలికి రానివ్వరు. లాక్కెళ్లే వ్యాగన్లు అసలు కుదరవు. డిస్నీ బస్సు ఎక్కాలంటే బండి మడవాలి, మోనోరైల్‌లో మడవక్కర్లేదు. మూడేళ్ల లోపు పిల్లలకి పార్కు టికెట్ అక్కర్లేదు.

ఐదేళ్ల మనవడైనా అక్కడ బండి కావలసిందే. నాలుగు పార్కులు, రోజుకొకటి చొప్పున. మూడో రోజుకి తాతగారికే బండి కావాలనిపిస్తుంది. నిజంగానే మోకాళ్ల ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా అక్కడ అద్దెకిచ్చే వీల్‌చైర్ తీసుకోండి.

క్యారియర్ కట్టుకుంటే బండి గొడవే ఉండదు కదా?

ఏడాది లోపు పిల్లలకి అదే హాయి. మెట్లు, జనం, బస్సులు దేనికీ ఇబ్బంది లేదు. పిల్లాడి మోకాళ్లు పిరుదులకన్నా కొంచెం పైకి ఉండేలా, గడ్డం ఛాతీకి అతుక్కోకుండా, ముఖం మీకు కనబడేలా కట్టుకోవాలి. మన వాతావరణంలో చిక్కు చెమట. ఏప్రిల్, మే నెలల్లో రెండు ఒళ్లు ఒకదానికొకటి అతుక్కుంటే పిల్లాడు ఉడికిపోతాడు. పది కిలోలు దాటాక మీ నడుమూ ఒప్పుకోదు. వేసవిలో బండి, చలికాలంలో క్యారియర్ అనుకోండి. విమానం ఎక్కే టూరుకి రెండూ.

## కొనడమా, అద్దెకా

అక్కడే అద్దెకి దొరుకుతుందిగా, కొనడం దండగ కాదా?

ఒక్కరోజు పార్కు, మూడేళ్లు దాటిన పిల్ల అయితే అద్దె మంచిదే. రెండో రోజు నుంచి లెక్క మారుతుంది. రోజువారీ అద్దె, అడ్వాన్సు, డాలర్ల మారకం కలిసి తడిసి మోపెడవుతుంది. పైగా పార్కు బండి గేటు దాటి బయటికి రాదు. గేటు నుంచి పార్కింగ్ దాకా, హోటల్ దాకా పిల్లాడు మళ్లీ మీ భుజం మీదే. అసలు కష్టం ఆ దారిలోనే ఉంటుంది.

అద్దె బండ్లు చాలాచోట్ల గట్టి ప్లాస్టిక్‌వి, వెనక్కి వాలవు. ఏడాది, రెండేళ్ల పిల్లలు వాటిలో సరిగ్గా పడుకోలేరు. మన దేశంలో పార్కుకి వెళ్తుంటే టికెట్ బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి అడగండి. "ఉన్నాయి" అంటే సరిపోదు, ఎన్ని ఉన్నాయో, సెలవు రోజు ఎన్నింటికల్లా అయిపోతాయో కూడా అడగండి.

దుకాణంలో ఏం చూడాలి?

పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లండి. వాణ్ణి ఎడమ చంకన పెట్టుకుని, కుడి చేత్తో బండి మడవండి. సేల్స్ కుర్రాడు చేసి చూపించడం కాదు, మీరే చేయాలి. తర్వాత మడిచిన బండిని ఎత్తి దుకాణం మెట్లు దిగి ఎక్కండి. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా ఆ బండి వద్దు, రంగు ఎంత బాగున్నా సరే.

తర్వాత బెల్టు. రెండు భుజాలు, రెండు నడుము వైపులు, కాళ్ల మధ్య, మొత్తం ఐదు చోట్ల పట్టేది కావాలి. నడుముకి మాత్రమే ఉండే బెల్టులోంచి రెండేళ్లవాడు పాములా జారిపోతాడు. సీటు ఎంత వెనక్కి వాలుతుందో చూడండి. ఆరు నెలల లోపు పిల్లలకి పూర్తిగా వాలేది తప్పనిసరి. పైన గొడుగు కళ్ల దాకా దిగాలి. చాలా బండ్లలో అది అలంకారానికే ఉంటుంది. వెనక చక్రాల బ్రేకు వేసి, బండిని గట్టిగా నెట్టి చూడండి.

మూడు వేలదానికీ పన్నెండు వేలదానికీ తేడా ఏమిటి?

ఎక్కువగా చక్రాలు, మడత, బరువు. ఖరీదైనవి చిన్నపాటి సూట్‌కేసులా మడత పడి, తమంతట తాము నిలబడతాయి. తక్కువ ధరవి పొడుగ్గా, గొడుగు కర్రలా ముడుచుకునే రకం. ఆ రకాన్ని 1965లో బ్రిటన్‌లో ఓవెన్ మెక్‌లారెన్ అనే విమాన ఇంజనీర్ రూపొందించాడు. విమాన చక్రాల మీద పనిచేసిన మనిషి కాబట్టి తేలికగా మడిచే విద్య పట్టుబడింది. మూడేళ్లు దాటిన పిల్లకి, ఒకటి రెండు టూర్లకి ఈ రకం చాలు. చిన్నపిల్లలకి మాత్రం వద్దు, చాలావాటిలో సీటు వాలదు. గతుకుల్లో చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి కూడా.

ఇద్దరు పిల్లలు, ఒకరికి ఏడాది, ఒకరికి నాలుగు. జంట బండి కొనాలా?

నాలుగేళ్ల దాని కోసం కొనకండి. చిన్నదానికి బండి, పెద్దదానికి నడక. పెద్దది అలసిపోయినప్పుడు చిన్నదాన్ని క్యారియర్‌లోకి మార్చి బండి పెద్దదానికివ్వండి, బరువు పరిమితి చూసుకుని. కవలలైతే జంట బండి కావాలి. పక్కపక్కన కూర్చునే రకం మన ఇళ్ల లిఫ్టుల్లో పట్టకపోవచ్చు, ఒకసారి టేపుతో కొలిచాకే ఆర్డర్ పెట్టండి.

## దారిలో

మాది సీఎన్‌జీ కారు. డిక్కీలో సిలిండరే ఉంటుంది. బండి ఎక్కడ పెట్టను?

ఈ కష్టం మన వైపు చాలామందిది. పొడుగ్గా మడిచే రకమైతే ముందు సీటు వెనక, కాళ్ల దగ్గర అడ్డంగా పడుతుంది. సూట్‌కేసులా మడిచేదైతే సిలిండర్ పక్కనున్న సందులో పట్టొచ్చు. కొనకముందే మడిచిన కొలతలు రాసుకుని డిక్కీలో కొలవండి. పిల్లలు కూర్చునే సీటు మీద విడిగా మాత్రం పెట్టకండి. సడన్ బ్రేకు పడితే ఆరు కిలోల ఇనుము వచ్చి వాళ్ల మీదే పడుతుంది.

రైల్లో తీసుకెళ్లగలమా?

మడిస్తే కింది బెర్తు కింద పడుతుంది. విజయవాడ స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ మారేటప్పుడు లిఫ్టు వాడండి. పిల్లాణ్ణి బండిలో ఉంచి ఎస్కలేటర్ మాత్రం ఎక్కకండి. రైలు ఆగకముందే పిల్లాణ్ణి ఎత్తుకుని, బండి మడిచి సిద్ధంగా ఉండాలి.

విమానంలో స్ట్రోలర్‌కి డబ్బు కట్టాలా? విరిగిపోదా?

చంటిపిల్లలతో వెళ్లేవాళ్ల మడత బండిని చాలా ఎయిర్‌లైన్స్ ఉచితంగానే తీసుకుంటాయి. విమానం దాకా వాడుకుని, తలుపు దగ్గర ఇచ్చేయొచ్చు. గన్నవరంలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే "గేటు దగ్గర ఇస్తాం" అని చెప్పి ట్యాగ్ వేయించుకోండి.

దిగాక ఎక్కడ తిరిగిస్తారో అప్పుడే అడగండి. మధ్యలో విమానం మారే టూర్లలో ఒక్కోసారి బండి చివరి ఊళ్లో లగేజీ బెల్టు మీదికే వస్తుంది. మధ్య ఎయిర్‌పోర్టులో మూడు గంటలు చేతుల మీదే, అందుకే క్యారియర్ హ్యాండ్ బ్యాగులో ఉండాలి. ఇచ్చేముందు కప్పు హోల్డరూ, బొమ్మలూ పీకేసి, ఒక కవరు తొడగండి. బండికి తగిలించే బుల్లి ఫ్యానూ, పవర్ బ్యాంకూ చేతి సంచిలో పెట్టుకోండి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు.

## పార్కు లోపల

రైడ్ ఎక్కేటప్పుడు బండి ఎక్కడ వదలాలి? ఎవరైనా పట్టుకుపోతే?

పెద్ద పార్కుల్లో రైడ్ల పక్కన బండ్ల పార్కింగ్ ఉంటుంది, క్యూలోకి తీసుకెళ్లనివ్వరు. మీరు పెట్టినచోటే ఉంటుందని లేదు. సిబ్బంది వరసగా సర్దుతూ పక్కకి జరుపుతారు. కంగారు పడకుండా ఆ చుట్టుపక్కల వెతకండి. దొంగతనం కన్నా ఒకేలాంటి బండ్లలో ఒకరిది ఒకరు తోసుకుపోవడం ఎక్కువ. హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బనో, పాత చీర అంచు ముక్కో కట్టండి, పేరు రాసిన కాగితం అంటించండి. ఫోను, పర్సు, పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ మీ ఒంటి మీదే.

పిల్లాడికి ఎత్తు చాలని రైడ్ అయితే డిస్నీ, యూనివర్సల్ పార్కుల్లో భార్యాభర్తలు వంతులవారీగా ఎక్కే పద్ధతి ఉంది. రెండోవాళ్లు మళ్లీ మొత్తం క్యూ నిలబడక్కర్లేదు. రైడ్ మొదట్లో నిలబడే సిబ్బందిని అడిగితే చెబుతారు.

ఎండ తగలకుండా బండి మీద చున్నీ కప్పొచ్చా?

వద్దు. పల్చటిదైనా సరే, చుట్టూ మూసేస్తే లోపల గాలి ఆడక బయటికన్నా వేడెక్కుతుంది. పైగా పిల్లాడి ముఖం మీకు కనబడదు. బండికున్న గొడుగు దించండి, చాలకపోతే విడిగా తగిలించే గొడుగు పెట్టండి, ముందు వైపు మాత్రం తెరిచే ఉంచండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. వేడిగా, జిగటగా ఉంటే నీడలోకి తీసుకెళ్లి బెల్టు విప్పండి, నీళ్లో పాలో పట్టించండి. ఎండలో నిలిపిన బండిలో కూర్చోబెట్టేముందు బకిల్ మీద వేలు పెట్టండి, చురుక్కుమంటుంది.

బెజవాడ వాళ్లం, ఎండ మాకు కొత్తేమిటి అంటారు. అలవాటు పెద్దవాళ్లకి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఏసీ ఉన్న షోలు, భోజనం పెట్టుకోండి.

సంచులన్నీ హ్యాండిల్‌కి తగిలిస్తే చేతులు ఖాళీగా ఉంటాయి కదా?

పిల్లాడు కూర్చున్నంతసేపూ ఏమీ కాదు. వాణ్ణి ఎత్తుకోగానే ముందు బరువు పోయి, బండి వెనక్కి తిరగబడుతుంది, నీళ్ల సీసాలూ టిఫిన్ డబ్బాలూ నేల మీద. ఇంకా ఘోరం, పిల్లాడు బండిలోంచి ముందుకి దిగబోతున్నప్పుడు తిరగబడటం. బరువైనవి కింది బుట్టలో పెట్టండి. హ్యాండిల్‌కి టోపీ, టవలు లాంటివే.

బండిలోనే నిద్రపోయాడు. అలాగే వదిలేయొచ్చా?

సీటు వాల్చి, బెల్టు ఉంచి, నీడలో మీ కళ్లముందు పెట్టుకుంటే ఒక కునుక్కి ఫరవాలేదు. నిద్రలో ఉన్నాడని బెల్టు విప్పేస్తే కిందికి జారి మెడ ఇరుక్కోవచ్చు. ఆరు నెలల లోపు పిల్లల తల ముందుకి వాలితే ఊపిరికి ఇబ్బంది, వాళ్లని పడుకోబెట్టాలంటే సీటు పూర్తిగా వాలాలి.

## తిరిగొచ్చాక

టూరు అయిపోయింది. ఇప్పుడా బండి అటక మీదేనా?

ముందు చక్రాల ఇరుసుల్లో చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు పీకండి, సీటు గుడ్డ ఉతికి ఆరేయండి. తడితో అటకెక్కిస్తే బూజు పడుతుంది. పిల్లాడు నాలుగేళ్లు దాటితే ఉంచుకోకండి. వచ్చే సెలవులకి బయల్దేరే చుట్టాలు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లకివ్వండి. అమ్ముతుంటే బెల్టు, బ్రేకు పనిచేస్తున్న వీడియో పెడితే త్వరగా పోతుంది. బెల్టు తాళం సరిగ్గా పడని బండినైతే ఎవరికీ ఇవ్వకండి, పాత సామాన్లవాడికి వేసేయండి.